కొలువు అక్కడ, అప్పు ఇక్కడ

దక్షిణ కొరియాలో ఫ్యాక్టరీ ఉద్యోగం, నెలకు లక్షన్నర జీతం, పదో తరగతి పాసైతే చాలు, ముందు యాభై వేలు కట్టాలి, మిగతాది వీసా వచ్చాక. ఇలాంటి పోస్టర్లు వాట్సాప్ గ్రూపుల్లో తరచూ తిరుగుతుంటాయి. కొరియా 2004 నుంచి తన చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలకు విదేశీ కార్మికులను తీసుకుంటున్న మాట నిజమే. దానికి ఎంప్లాయ్‌మెంట్ పర్మిట్ సిస్టమ్ అని పేరు. అది రెండు ప్రభుత్వాల మధ్య నడిచే వ్యవహారం, ప్రైవేటు ఏజెంటుకు అందులో చోటే లేదు. కొరియాతో ఆ ఒప్పందం చేసుకున్న పదహారు పైచిలుకు దేశాల్లో నేపాల్ ఉంది, శ్రీలంక ఉంది, బంగ్లాదేశ్, పాకిస్తాన్ ఉన్నాయి. భారతదేశం లేదు. కాబట్టి ఆ వీసా తెలుగువాడికి ఎంత డబ్బు పోసినా దొరకదు. లేని వీసానే అమ్మగలిగే బజారు ఇది. ఉన్న వీసాలను ఎంతకు అమ్ముతుందో, కొన్నవాళ్లకు ఏం మిగులుతుందో చూడాలి.

ఆ బజారుకు హైదరాబాద్‌లో నడిబొడ్డు అమీర్‌పేట, పంజాగుట్ట. అమీర్‌పేట పేరు చెబితే ఎవరికైనా గుర్తొచ్చేది కోచింగే. మైత్రీవనం చుట్టుపక్కల, నీలగిరి బ్లాకులో, ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో ఒరాకిల్, జావా, టెస్టింగ్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కినవాళ్లు ఒక తరం. ఎస్సార్ నగర్, బల్కంపేట హాస్టళ్లూ జిరాక్స్ షాపులూ టిఫిన్ బండ్లూ ఆ చదువు మీదే బతికాయి. ఇప్పుడు అవే మెట్ల దారుల్లో జర్మన్ ఏ1, బీ1 క్లాసుల బోర్డులు, జపనీస్ ఎన్5, ఎన్4 బోర్డులు కనిపిస్తున్నాయి. మెట్రో రెండు లైన్లు కలిసే స్టేషన్లో దిగి పంజాగుట్ట వైపు నడిస్తే కింద చీరల దుకాణం, పై అంతస్తులో కన్సల్టెన్సీ. నిమ్స్ దాటి సోమాజిగూడ దాకా అదే వరస. వీటిలో ఎక్కువ భాగం విద్యార్థి వీసాల మీద బతికేవి. కెనడా, బ్రిటన్, అమెరికా ఒకదాని వెనక ఒకటి చదువుల తలుపు బిగించేసరికి చాలామంది అదే గదిలో, అదే బల్ల మీద 'వర్క్ పర్మిట్' అని ఇంకో బోర్డు పెట్టారు. పోలెండ్ ప్యాకింగ్, రొమేనియా వేర్‌హౌస్, క్రొయేషియా బేకరీ, జపాన్ ఫుడ్ ప్రాసెసింగ్, జర్మనీ సీఎన్‌సీ ఆపరేటర్.

ఈ మెట్లెక్కేవాళ్లు ఒక రకం కాదు. ఐటీఐ, పాలిటెక్నిక్, మామూలు డిగ్రీ చేసి ఊళ్లో పని దొరకనివాళ్లు ఒక వరస. వాళ్లకు యూరప్ కావాలి, గల్ఫ్ అంటే చిన్నతనం. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి, నిర్మల్ నుంచి వచ్చేవాళ్లు ఇంకో వరస. తండ్రి మస్కట్‌లో, మేనమామ దుబాయ్‌లో చేసి వచ్చిన ఇళ్లు వాళ్లవి. వాళ్ల బేరం ఊళ్లోనే, కోరుట్లలోనో మెట్‌పల్లిలోనో ఆర్మూరులోనో తెలిసిన సబ్ ఏజెంటుతోనే అయిపోతుంది. పై ఏజెంటు చాలాసార్లు ముంబైలో ఉంటాడు. గల్ఫ్ మెడికల్‌కో ట్రేడ్ టెస్టుకో మాత్రం హైదరాబాద్ వస్తారు. మొదటి వరసకు ఇంగ్లిషులో ముద్రించిన ఒప్పంద పత్రం చేతికిస్తారు. రెండో వరసకు నోటి మాటే ఒప్పందం. మోసం జరిగాక చూస్తే రెంటికీ తేడా పెద్దగా ఉండదు.

తెలుగువాళ్లు పరదేశపు మిల్లులో కూలి చేయడం గల్ఫ్‌తో మొదలైంది కాదు. నాటాలుకు, మారిషస్‌కు వెళ్లినవాళ్లది ప్రధానంగా చెరుకు తోటల కథ. అసలైన ఫ్యాక్టరీ వలస రంగానికి, అంటే రంగూన్‌కు జరిగింది. కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ప్రాంతాల వాళ్లు వేలకు వేలు ఓడలెక్కి అక్కడి బియ్యం మిల్లుల్లో, రంపపు మిల్లుల్లో పనిచేశారు, రేవులో బస్తాలు మోశారు. బర్మా 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమే గనుక చట్టం లెక్కలో అది విదేశం కాదు. ఆ పనికి మనుషుల్ని పోగుచేసింది మేస్త్రీ. ఊరికొచ్చి బయానా ఇచ్చేవాడు, ఓడ టికెట్ తనే కొనేవాడు, అక్కడ మిల్లు యజమాని ఇచ్చే కూలిడబ్బు తన చేతి మీదుగానే పంచేవాడు. ముందిచ్చింది తీరేదాకా కూలి అతని మనిషే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మీయులను పెట్టారు. సమ్మె తీరాక బర్మీయులను పొమ్మన్నారు. దాంతో లేచిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మనవాళ్లే. యజమానులు బేరం పెట్టుకున్నారు, దెబ్బలు కూలీలకు తగిలాయి.

మేస్త్రీ కాలానికీ ఇప్పటికీ ఒక తేడా ఉంది, అదీ కూలివాడికి అనుకూలమైనది కాదు. మేస్త్రీ తన డబ్బు ముందు పెట్టేవాడు. నేటి ఏజెంటు కూలివాడి చేతే ముందు డబ్బు పెట్టిస్తాడు. కూలీ దారిలో జబ్బుపడినా, మిల్లు మూతబడినా మేస్త్రీకి కొంత నష్టం ఉండేది. నేటి ఏజెంటుకు ఆ బెంగ కూడా లేదు.

విదేశీ కొలువుల మీద మాట్లాడేవాళ్లంతా 'ఏ దేశం మంచిది?' అని మొదలుపెడతారు. అది రెండో ప్రశ్న. మొదట అడగాల్సింది ఆ ఉద్యోగంలో చేరడానికి అయ్యే ఖర్చు ఎవరు భరిస్తున్నారని. ఒక లెక్క వేద్దాం. దుబాయ్ ప్యాకింగ్ యూనిట్లో హెల్పర్‌కు 1,200 దిర్హాములు అనుకుందాం, మన డబ్బుల్లో 28 వేల చుట్టూ. బస కంపెనీది, తిండి తనది. తిండికీ ఫోనుకూ పోగా ఇంటికి పంపగలిగేది 18 వేలు. అందులో 8 వేలు ఇంటి ఖర్చు, 10 వేలు అప్పుకు. వీసాకు కట్టిన లక్షన్నర నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చినదైతే, నెలకు 10 వేలు కడుతూ పోతే తీరడానికి ఇరవై నెలలు పడుతుంది. కాంట్రాక్టు రెండేళ్లు. అంటే రెండేళ్ల కాయకష్టంలో తనకోసం పనిచేసేది ఆఖరి నాలుగు నెలలే. ఇదే మనిషి మన ప్రభుత్వం అనుమతించిన గరిష్ఠ సర్వీసు చార్జీ మాత్రమే కట్టి వెళ్తే? ఆ గరిష్ఠం 30 వేలు, 18 శాతం జీఎస్టీ కలిపి 35,400. అదే మిత్తికి, అదే వాయిదాకు నాలుగు నెలల్లో అప్పు తీరిపోతుంది. దేశం మారలేదు, ఫ్యాక్టరీ మారలేదు, జీతం ఒక్క దిర్హాము పెరగలేదు. ఒకడికి ఇరవై నెలలు మిగిలాయి, ఇంకొకడికి నాలుగు.

అప్పు డబ్బును తినడంతో ఆగదు. మనిషి నోరు కూడా కట్టేస్తుంది. ఒప్పుకున్న జీతం ఇవ్వకపోయినా, మెషీన్ ఆపరేటర్ అని చెప్పి బస్తాలు మోయించినా, ఓటీ లెక్క తగ్గించినా, లక్షన్నర బాకీ ఉన్నవాడు తిరిగి వెళ్తానని అనలేడు. కొందరు కంపెనీ వదిలేసి బయట పని వెతుక్కుంటారు. ఆ క్షణం నుంచి అక్కడి చట్టానికి దొంగ, మనవాళ్ల మాటల్లో ఖల్లివెల్లి. రోగమొచ్చినా ఆసుపత్రికి పోవడానికి భయం, ఇంట్లో ఎవరు పోయినా రావడానికి దారి లేదు. ఇక ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) కోసం ఎదురుచూపు. యూఏఈ ఈ మధ్య 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ ఆఖరు దాకా అలాంటి అవకాశం ఇచ్చింది. ఇన్ని మలుపుల కథకు మూలం వెతికితే చాలాసార్లు ఊళ్లో రాసిచ్చిన ప్రామిసరీ నోటు దగ్గర తేలుతుంది.

మరి చట్టం లేదా అంటే, ఉంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగానికి మనుషుల్ని ఎంపికచేసే ఏ ఏజెంటు అయినా కేంద్ర విదేశాంగ శాఖలోని ప్రొటెక్టర్ జనరల్ ఆఫ్ ఎమిగ్రాంట్స్ దగ్గర నమోదు కావాలి. లైసెన్సుకు 50 లక్షల బ్యాంకు గ్యారంటీ పెట్టాలి. చిన్న ఏజెంట్లకు తర్వాత కొంత వెసులుబాటు ఇచ్చారు. సబ్ ఏజెంటు అనేవాడికి ఈ చట్టంలో స్థానమే లేదు, అయినా ఊళ్లలో వ్యాపారమంతా నడిపేది అతనే. లైసెన్సు లేకుండా ఈ పని చేస్తే శిక్ష రెండేళ్ల దాకా జైలు, రెండు వేల రూపాయల దాకా జరిమానా. రెండు వేలు! నలభై ఏళ్ల కిందటి అంకె అది. పంజాగుట్టలో ఒక క్లయింటు ఫైల్ తెరవడానికే అంతకన్నా ఎక్కువ తీసుకుంటారు.

చట్టంలో ఇంకో కంత ఉంది, అమీర్‌పేట వ్యాపారం దూరేది అందులోంచే. ఎమిగ్రేషన్ క్లియరెన్సు అనే తనిఖీ పదో తరగతి పాసుకాని, ఈసీఆర్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు మాత్రమే, అదీ గల్ఫ్ దేశాలు, మలేషియా, జోర్డాన్, ఇరాక్ వంటి 18 దేశాలకు వెళ్తేనే. పది పాసైనవాడికి ఆ తనిఖీ లేదు. పది చదివితే తన మేలు తానే చూసుకోగలడని అనుకుని ఉండొచ్చు. ఇవాళ మోసపోతున్నవాళ్లలో ఇంటరూ ఐటీఐలూ బీటెక్కులూ ఉన్నారు. వాళ్లు పోలెండ్ వెళ్తున్నా, సెర్బియా వెళ్తున్నా కాంట్రాక్టు చూసి సంతకం పెట్టే అధికారి ఎవరూ లేరు. క్లియరెన్సు తీసుకున్నవాడికి తప్పనిసరిగా వచ్చే ప్రవాసీ భారతీయ బీమా యోజన, రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియంతో ప్రమాద మరణానికి 10 లక్షలు ఇచ్చేది, అది కూడా వీళ్లలో చాలామందికి ఉండదు.

ఏజెంటు లైసెన్సు మాత్రం ఏ దేశానికి పంపినా అవసరమే. అక్కడే కన్సల్టెన్సీల తెలివి. వాళ్లిచ్చే పత్రం నిదానంగా చదివితే ఉద్యోగం ఇప్పిస్తామని ఎక్కడా ఉండదు. 'సలహా సేవలు', 'ప్రొఫైల్ తయారీ', 'డాక్యుమెంటేషన్', 'కట్టిన సొమ్ము తిరిగి ఇవ్వబడదు' అని ఉంటాయి. కౌంటర్లో అమ్మాయి నోటితో చెప్పేది ఉద్యోగం, రసీదు మీద రాసేది సలహా. పోలీసుల దగ్గరికి వెళ్తే ఆ రసీదే కన్సల్టెన్సీకి కవచం. ఏరు దాటేదాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అన్నట్టు, డబ్బు కట్టేదాకా 'తమ్ముడూ, మేమున్నాం' అన్నవాళ్లే ఆ తర్వాత 'మీరు పేజీ మూడు చదవలేదా సార్?' అంటారు. ఈ వ్యాపారంలో నిజాయితీపరులు లేరని కాదు. భాష సరిగ్గా నేర్పేవాళ్లు, రాని వీసా రాదని ముఖం మీదే చెప్పేవాళ్లు ఉన్నారు. కానీ పక్క గదిలో అబద్ధం చెప్పేవాడి దగ్గర క్యూ ఉంటే నిజం చెప్పేవాడు అద్దె ఎలా కట్టుకోవాలి?

లైసెన్సు లేని ఏజెంట్ల జాబితాను విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో పెడుతుంది. దేశవ్యాప్తంగా మూడు వేలకు పైగా పేర్లు, వాటిలో ఆంధ్రప్రదేశ్‌ది ముందు వరస. ఫిర్యాదు అందాకే పేరు ఆ జాబితాకు ఎక్కుతుంది గనుక అసలు సంఖ్య ఎంతో ఊహించుకోవచ్చు.

ఇప్పుడు దేశాల మాట. గల్ఫ్‌లో ఒకప్పటికీ ఇప్పటికీ కాగితాల మీద చాలా మారింది. యూఏఈ 2009 నుంచి జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలంటోంది. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చింది, 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం, యజమాని వసతీ భోజనమూ ఇవ్వకపోతే 800 అదనం అని పెట్టింది. ఇవి ఊరకే రాలేదు, ఫుట్‌బాల్ ప్రపంచ కప్ పేరుతో లోకమంతా వేలెత్తి చూపాక వచ్చాయి. మన ప్రభుత్వం చేసిందేమిటి? కోవిడ్ కాలంలో, 2020 సెప్టెంబర్‌లో, గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికులకు ఇవ్వాల్సిన కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం దాకా తానే తగ్గించింది. ఉద్యోగాలు పోకుండా ఉండటానికని చెప్పింది. గల్ఫ్ కార్మికుల హక్కుల నాయకులు తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. 2021 జూలైలో కేంద్రం ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకుంది. కార్మికుణ్ణి పంపే దేశమే అతని ధర తగ్గించిన సందర్భం చరిత్రలో ఎక్కువ కనిపించదు. దానిమీద మన పత్రికల్లో జరిగిన చర్చ కూడా తక్కువే.

కాగితం మారినా గది మారాలి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడి నలభైమందికి పైగా భారతీయులు చనిపోయారు. వాళ్లలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్లు. పని చేసే చోట కాదు, నిద్రపోయే చోట పోయాయి ఆ ప్రాణాలు. విదేశీ ఉద్యోగం గురించి అడిగేటప్పుడు జీతం తర్వాత అడగాల్సింది గదికి ఎంతమంది, మంటలు వస్తే బయటికి దారి ఎటు అని. ఏ బ్రోషర్‌లోనూ ఆ రెండూ ఉండవు.

మలేషియాలో 2025 ఫిబ్రవరి నుంచి కనీస వేతనం 1,700 రింగిట్లు. అక్కడి ఫ్యాక్టరీలది చెప్పుకోదగ్గ పాఠం. ప్రపంచంలోకెల్లా పెద్ద రబ్బరు గ్లవ్స్ తయారీ సంస్థ టాప్ గ్లోవ్ సరుకును అమెరికా కస్టమ్స్ 2020లో ఆపేసింది, నిర్బంధ శ్రమ ఆనవాళ్లున్నాయని. ఆ ఆనవాళ్లలో ముఖ్యమైనది కార్మికులు తమ దేశంలో ఏజెంట్లకు కట్టడానికి చేసిన అప్పు. వాళ్లలో ఎక్కువమంది నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లు. సరుకు ఆగేసరికి ఆ సంస్థ కార్మికులు కట్టిన రిక్రూట్‌మెంట్ ఖర్చులను సుమారు 15 కోట్ల రింగిట్ల మేర తిరిగి చెల్లించింది. 2021 సెప్టెంబర్‌లో నిషేధం తొలగింది. ఏజెంటు ఖర్చు కార్మికుడే కట్టడం ప్రకృతి నియమం కాదని దీనికన్నా గట్టి రుజువు అక్కర్లేదు. కొనేవాడు గట్టిగా అడిగితే యజమాని జేబు తెరుచుకుంటుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 181వ ఒడంబడిక, కార్మికుడి దగ్గర ఫీజు తీసుకోకూడదనేది, 1997లోనే వచ్చింది. భారత్ దాన్ని ఆమోదించలేదు.

జపాన్ మీద ఇవాళ అందరి కళ్లూ ఉన్నాయి, కారణం కూడా ఉంది. ముసలివాళ్లు పెరిగి, పనివాళ్లు తగ్గిన దేశం. అక్కడి సగటు కనీస వేతనం 2025లో గంటకు 1,121 యెన్‌లు. నెలకు 160 గంటల లెక్కన కోతలకు ముందు మన లక్ష రూపాయల దరిదాపు. వెళ్లే దారులు రెండు. ఒకటి టెక్నికల్ ఇంటర్న్ ట్రైనింగ్, భారత్ 2017లో ఒప్పందం చేసుకుంది. రెండోది 2019లో జపాన్ తెచ్చిన స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా, దానికి మన ఒప్పందం 2021 జనవరిది. రెండో దారికి ఎన్4 స్థాయి భాష, నైపుణ్య పరీక్ష కావాలి, ఐదేళ్ల దాకా ఉండవచ్చు, మొదటి అంచెలో భార్యాబిడ్డలను తీసుకెళ్లరాదు. మొదటి దారికి చెడ్డపేరు ఎక్కువ. యజమాని ఎలాంటివాడైనా మారే వీలు లేకపోవడంతో 2023లో 9,700 మందికి పైగా ట్రైనీలు పారిపోయారు. చివరికి జపాన్ పార్లమెంటే 2024 జూన్‌లో ఆ పద్ధతిని ఎత్తేసి 2027 నుంచి కొత్తది తెస్తూ చట్టం చేసింది. అమీర్‌పేటలో ఎన్5 క్లాసుకు వెళ్లే కుర్రాడికి ఈ రెండు వీసాల తేడా చెప్పే టీచరు దొరికితే అదృష్టం. నా లెక్కలో చూస్తే, ఆరేడు నెలలు కూర్చుని భాష నేర్చుకునే ఓపిక ఉన్నవాడికి ఇవాళ ఫ్యాక్టరీ పనికి జపానే అన్నింటికన్నా తేట దారి. ఆ ఓపికే మన దగ్గర కరువు.

జర్మనీని మరీ ఎక్కువ చేసి అమ్ముతున్నారు. చేతిలో గుర్తింపు పొందిన వృత్తి విద్య, నోట్లో జర్మన్ భాష ఉంటే తలుపు బార్లా తెరిచి ఉన్నట్టే. రెండూ లేని హెల్పర్‌కు మూసే ఉంటుంది. 2024 జూన్ 1న వచ్చిన ఆపర్చునిటీ కార్డును చాలామంది ఉద్యోగ వీసా అనుకుని కొంటున్నారు. అది ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే ఏడాది గడువు. ఆ ఏడాది బతకడానికి 13 వేల యూరోలు సొంత ఖాతాలో చూపించాలి. అంత డబ్బున్నవాడు ప్యాకింగ్ పనికి ఎందుకు వెళ్తాడని ఎవరూ అడగరు.

పోలెండ్, రొమేనియా, క్రొయేషియాలది మధ్యరకం కథ. పోలెండ్‌లో 2025 కనీస వేతనం పన్నులకు ముందు 4,666 జ్లోటీలు, లక్ష రూపాయలు దాటుతుంది. పర్మిట్ యజమాని పేరు మీద వస్తుంది. చిక్కల్లా అక్కడ ఆ యజమాని ఫ్యాక్టరీ కాకుండా మనుషుల్ని అద్దెకిచ్చే ఏజెన్సీ కావడం. దిగాక ఏ ఊళ్లో, ఏ లైన్లో నిలబెడతారో ఏజెన్సీ ఇష్టం. కెనడా సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. విదేశీయుణ్ణి పనిలో పెట్టుకోవడానికి కావాల్సిన ఎల్ఎంఐఏ అనుమతికి యజమాని కట్టే వెయ్యి డాలర్ల ఫీజును కార్మికుడి దగ్గర వసూలు చేయడం అక్కడ నేరం. దాన్ని లక్షలకు అమ్ముతున్నామని చెప్పేవాడు నేరం చేస్తున్నానని తనే చెప్పుకుంటున్నట్టు. తైవాన్‌తో 2024 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. ఒప్పందం కుదరగానే విమానం బయల్దేరదు, ఆ సందులో మాత్రం దళారులు బయల్దేరతారు.

ఫ్యాక్టరీ పేరు చెప్పి ఇంకెక్కడికో తీసుకెళ్లిన ఉదంతాలను కూడా ఇక్కడే చెప్పాలి. డేటా ఎంట్రీ అని కంబోడియాకు, మయన్మార్ సరిహద్దులోని మ్యావడీకి తీసుకెళ్లి సైబర్ మోసాలు చేయించిన ముఠాల చేతిలో తెలుగు కుర్రాళ్లు పడ్డారు. 2024 మేలో విశాఖ పోలీసులు ఆ తీగ లాగితేనే ఎన్నో పేర్లు బయటపడ్డాయి. రష్యాలో హెల్పర్ పని అని నమ్మి వెళ్లిన హైదరాబాద్ యువకుడు యుద్ధరంగంలో చనిపోయిన వార్త 2024 మార్చిలో వచ్చింది. ఆ వార్తలు వచ్చిన వారమంతా అమ్మానాన్నలు భయపడతారు. తర్వాత వారం మళ్లీ మామూలే.

'అసలు పోవడం ఎందుకు, ఇక్కడే ఫ్యాక్టరీలు లేవా?' అని అడిగే పెద్దలుంటారు. ఉన్నాయి. జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం, కొత్తూరు నిండా ఉన్నాయి. వాటిలో పనిచేసేది ఎక్కువగా బిహార్, ఒడిశా, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్ వాళ్లు. పన్నెండు గంటల షిఫ్టుకు పదిహేను వేలు అటూ ఇటూ ఇచ్చే కాంట్రాక్టు కొలువులో సిరిసిల్ల కుర్రాడు నిలవడు, నిలిచే అవసరం ఉన్నవాణ్ణి వందల కిలోమీటర్ల అవతలి నుంచి ఇంకో మేస్త్రీ తెస్తాడు. 2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి యాభైమందికి పైగా పోయినప్పుడు చనిపోయినవాళ్ల ఊళ్ల పేర్లు ఆ లెక్కను బయటపెట్టాయి. మనవాడు దుబాయ్‌లో ఏ స్థితిలో ఉన్నాడో బిహారీ కార్మికుడు మన ఊరి పక్కన అదే స్థితిలో ఉన్నాడు. గల్ఫ్‌లో మనవాళ్ల హక్కుల గురించి గొంతెత్తేవాళ్లు పటాన్‌చెరు గేటు దగ్గర కూడా ఒకసారి ఆగితే బాగుంటుంది. కాబట్టి పోవద్దని చెప్పే హక్కు మనకు లేదు. విదేశాల నుంచి దేశానికి వచ్చే సొమ్ములో ఎనిమిది శాతం పైచిలుకు తెలంగాణకు వస్తోందని రిజర్వ్ బ్యాంకు తాజా సర్వే తేల్చింది. అందులో సాఫ్ట్‌వేర్ డాలర్లు ఎక్కువే కావచ్చు. కోరుట్లలో, వేములవాడలో పెంకుటింటి మీద స్లాబు పోసింది మాత్రం దిర్హామే.

ప్రభుత్వం ఏర్పాటు చేసిన దారి ఒకటుంది. తెలంగాణకు టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌కు ఓమ్‌క్యాప్, రెండూ లైసెన్సున్న ప్రభుత్వ రిక్రూటింగ్ ఏజెన్సీలు. టామ్‌కామ్ కార్యాలయం మల్లేపల్లి ఐటీఐ ఆవరణలో ఉంది. ఐటీఐలను అధునాతన కేంద్రాలుగా మార్చే పథకానికి 2024 జూన్‌లో శంకుస్థాపన జరిగిందీ ఆ మల్లేపల్లిలోనే. యంత్రం నేర్పేదీ, విదేశానికి పంపేదీ ఒకే ఆవరణలో ఉన్నప్పుడు అక్కడ కిటకిటలాడాలి. జనం మాత్రం అమీర్‌పేట మెట్లే ఎక్కుతున్నారు. ఎందుకంటే ప్రభుత్వ సంస్థ దగ్గర ఖాళీలు తక్కువ, ఎంపిక గట్టిది, శిక్షణ నెలల తరబడి. ప్రైవేటు కన్సల్టెన్సీలో పరీక్ష ఒక్కటే, డబ్బు కట్టగలవా లేదా. ప్రచారంలోనైతే పోటీయే లేదు. మెట్రో స్తంభాల మీద ప్రైవేటు కన్సల్టెన్సీల ముఖాలే కనిపిస్తాయి, టామ్‌కామ్ పేరు చాలా ఐటీఐల నోటీసు బోర్డు మీద కూడా ఉండదు.

1983 చట్టం స్థానంలో కొత్తది తెస్తామని కేంద్రం 2019లో ఒక ముసాయిదా, 2021లో ఇంకొకటి, 2025 అక్టోబరులో ఓవర్సీస్ మొబిలిటీ పేరుతో మరొకటి బయటపెట్టింది. కొత్త చట్టం ఏదైనా మూడు పనులు చేయకపోతే పేరు మార్పే మిగులుతుంది. పది పాసైనా కాకపోయినా, దేశం ఏదైనా, ఫ్యాక్టరీ ఉద్యోగానికి వెళ్లే ప్రతివాడి కాంట్రాక్టూ నమోదు కావాలి. 'సలహా' పేరుతో ఉద్యోగం అమ్మేవాణ్ణి రిక్రూటింగ్ ఏజెంటుగానే చూడాలి. రెండు వేల జరిమానా పోయి, కట్టించుకున్న సొమ్ముకు రెట్టింపు బాధితుడికే తిరిగి ఇప్పించాలి.

పంజాగుట్ట కూడలి నుంచి బేగంపేట వైపు వెళ్తే ప్రజాభవన్ వస్తుంది. అక్కడ మంగళ, శుక్రవారాల్లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో 2024 సెప్టెంబర్ 27 నుంచి ప్రవాసీల కోసం విడిగా ఒక కౌంటర్ పెట్టారు. గల్ఫ్‌లో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 5 లక్షలు ఇచ్చే పథకం కూడా 2023 డిసెంబర్ 7 తర్వాతి మరణాలకు అమల్లో ఉంది. రెండూ మంచివే. కానీ ఆ కౌంటర్ దగ్గరికి జైల్లో ఉన్నవాడి అన్న వస్తాడు, శవం రావాల్సినవాడి భార్య వస్తుంది. డబ్బు కట్టకముందు ఎవరూ రారు, రమ్మని పిలిచేవాళ్లూ లేరు. ప్రభుత్వం అదే కౌంటర్ పక్కన ఇంకో బల్ల వేసి, ఏజెంటు పేరూ ఆఫర్ లెటరూ తీసుకొస్తే ఈ-మైగ్రేట్‌లో చూసి అదే రోజు అసలుదో నకిలీదో చెప్పి పంపాలి. ఆ బల్ల పడేదాకా ఈ పని చదువరి ఇంట్లోనే చేసుకోవాలి. మీ వాడు ఎవరికైనా డబ్బు కట్టబోతుంటే లైసెన్సు నంబరు అడగండి, 30 వేలు, జీఎస్టీ దాటిన ప్రతి రూపాయికీ రసీదు అడగండి, రసీదు మీద ఉద్యోగం, జీతం, కంపెనీ పేరు రాయమనండి. అనుమానం ఉంటే విదేశాంగ శాఖ ఉచిత నంబరు 1800 11 3090కు ఫోన్ చేయండి. ఏజెంటు రాయనంటే డబ్బు ఇవ్వకండి.